షెడ్డు బాబాయ్

లారీలకు బాడీలు కట్టే విజయవాడ ఆటోనగర్‌లో చాలా షెడ్లకు ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు, ఒక బాబాయ్ ఉంటారు. మేస్త్రికి షెడ్డు ఉంది, కుర్రాళ్లకు జీతం ఉంది, బాబాయ్‌కి బల్ల ఉంది. ఆయన ఎవరికి బాబాయో ఎవరూ అడగరు. ఒకప్పుడు లారీ తోలేవాడు, ఇప్పుడు టీ తాగుతూ బళ్ల రోగాలు చెబుతాడు. రోగం చెప్పడానికి బానెట్ ఎత్తడమంటే ఆయన లెక్కలో శుద్ధ చేతగానితనం.

జగ్గయ్యపేట నుంచి సిమెంటు తెచ్చి దింపేసిన డీజిల్ పికప్ ఒకటి నల్లపొగ కక్కుతూ వచ్చి ఆగుతుంది.

"కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కనంటోంది బాబాయ్. రేసు ఇస్తే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం లాగట్లేదు," అంటాడు డ్రైవరు. ఆయన దగ్గర క్లీనరుగా చేరి స్టీరింగ్ పట్టినవాడే.

"బోరుకొచ్చిందిరా. ఇంజన్ దింపెయ్."

బాబాయ్ ఆఖరి ముక్క ఒక్కటే విన్నాడు. అసలు సంగతంతా దాని ముందు ముక్కలో ఉంది. రేసు ఇచ్చినా ఇంజనే పైకి లేవకపోతే దానికి గాలో డీజిలో సరిగా అందడం లేదని అనుమానించాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, డీజిల్ ఫిల్టర్లో నీళ్లు చేరి ఉండొచ్చు, టర్బో హోసు చిట్లి ఉండొచ్చు. ఇంజన్ గొంతు చించుకుంటున్నా బండి వేగం అందుకోకపోతే మాత్రం, పుట్టిన బలం చక్రాల దాకా చేరడం లేదు. క్లచ్ జారుతోంది. మొదటిదానికి ఇరవై రకాల మందులున్నాయి. రెండోదానికి చాలాసార్లు గేర్‌బాక్స్ దించాల్సిందే.

బాబాయ్‌ని మరీ తీసిపారెయ్యకూడదు. పొగ రంగు చదవడంలో ఆయన్ని మించినవాడు లేడు. నలుపైతే గాలి తక్కువ, నీలమైతే ఇంజనాయిలు కాలుతోంది, తెలుపైతే కాలని డీజిలో, లోపలికి దిగిన నీళ్లో. పెద్ద స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ నాజిల్ కొడుతోందో చెప్పిన రోజులూ ఉన్నాయి. చిక్కంతా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక మొదలైంది. ఈ బళ్లలో కీలకమైన సెన్సరు ఏదైనా తేడా చూపిస్తే, ఇంజన్ పాడవకుండా కంప్యూటరే బలం తగ్గించేస్తుంది. ఆ తేడా ఏమిటో చదవడానికి కుర్రాడు స్కానర్ తీస్తే బాబాయ్‌కి ఒళ్లు మండుతుంది. చెక్ ఇంజన్ లైటుకి ఆయన వైద్యం ఒకటే, దాని మీద నల్ల టేపు అంటించడం.

ఈసారి కుర్రాడికి స్కానర్ అవసరం పడలేదు. చక్రాల కింద రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, నాలుగో గేరు వేసి, కొద్దిగా రేసిస్తూ క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజన్ టక్కున ఆగిపోవాలి. ఆగలేదు. హాయిగా తిరుగుతూనే ఉంది. కాలిన వాసన షెడ్డంతా కమ్మింది.

"చూశారా ఇంజన్ బలం! ఆగమన్నా ఆగట్లేదు!" అన్నాడు బాబాయ్, అదే ఇంజన్ బోరుకొచ్చిందన్న మాట మరిచిపోయి.

గేర్‌బాక్స్ దించితే క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగి ఉంది. పెడల్ రబ్బరు మీది గీతలన్నీ చెరిగిపోయి, డ్రైవరు చెప్పు పడే చోట నున్నగా మెరుస్తోంది. క్లచ్ మీంచి కాలు తియ్యని అలవాటన్నమాట. బండి మోయాల్సింది ఒకటిన్నర టన్ను, అంటే యాభై కిలోల బస్తాలు 30. ఓనరు గారు ఎక్కించింది 50. ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకేసి తడితే సిమెంటు దుమ్ము కుప్పగా రాలింది, దాంతో నల్లపొగ గుట్టు కూడా తేలిపోయింది.

"ఫిల్టరూ క్లచ్చూ చూడమని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా," అన్నాడు బాబాయ్. ఎవరూ కాదనలేదు. పైగా ఓనరుకి పనికొచ్చే సలహా కూడా ఇచ్చాడు: "గేర్‌బాక్స్ ఎలాగూ దించారు కదండీ, ప్లేటుతో పాటు ప్రెషర్ ప్లేటూ బేరింగూ మార్పించెయ్యండి. మళ్లీ దించితే మళ్లీ కూలి."

సాయంత్రం బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద ట్రయలు. బాబాయ్ పక్క సీట్లో దర్జాగా కూర్చుని, "క్లచ్ మీంచి కాలు తియ్యరా వెధవా!" అని దారి పొడుగునా డ్రైవర్ని తిడుతూనే ఉన్నాడు. ఆయన ఎడమకాలు మాత్రం ఎక్కినప్పట్నుంచి దిగేదాకా, అక్కడ లేని క్లచ్‌ని సగానికి తొక్కి పట్టుకునే ఉంది.