గొంతు బేస్‌మెంట్‌లో, మనిషి స్టేజీ మీద

డాలస్ అయినా న్యూజెర్సీ అయినా ఉగాదికి ఆరు వారాల ముందు తంతు ఒక్కటే. తెలుగు సంఘం కార్యవర్గంలో ఎవరికో నాటకం గుర్తొస్తుంది. ఎప్పుడో ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవంలో రెండో భటుడి వేషం కట్టిన పెద్దమనిషి దర్శకుడైపోతాడు. 'కొత్తవారికి నటనలో శిక్షణ' అని వాట్సాప్‌లో ప్రకటన వెళ్తుంది. ఆదివారం పిల్లలూ పెద్దలూ కలిసి ఆయన బేస్‌మెంట్‌లోకి దిగుతారు. అక్కడ మొదటి పాఠం రికార్డింగు.

అవును, ముందు గొంతులు పట్టేస్తారు. దుర్యోధనుడు పొద్దున్నే వచ్చి తన మాటలు అప్పజెప్పి వెళ్తాడు. కృష్ణుడు క్రికెట్ మ్యాచ్ ముగించుకుని సాయంత్రం వస్తాడు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే రాయబారం పూర్తి! ల్యాప్‌టాప్‌లో ఇద్దరినీ అతికించి, నాలుగు ఉరుములు కలిపి ట్రాక్ పంచుతారు. మిగిలిన అయిదు వారాల శిక్షణా పెదవులకే.

సమర్థనలు సిద్ధంగా ఉంటాయి. మైకులు చాలవు. పిల్లలు డైలాగులు మర్చిపోతారు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న తెలుగులో కళ్లు, కాళ్లు, కల్లు మూడూ ఒకటే. ఇవన్నీ నిజాలే. మునిగిపోతారన్న భయంతో చెరువు ఎండగట్టి ఈత నేర్పే గురువు చెప్పేవీ నిజాలే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలకైతే స్టేజీయే బడి. మాటలు రాకముందే ఏదో ఒక వేషంలో తెరముందుకు వచ్చేవాళ్లు. తప్పులు జనం ఎదుటే చేశారు, అక్కడే దిద్దుకున్నారు. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అనేవాళ్లు. ట్రాక్ నాటకంలో వన్స్ మోర్ అంటే మళ్లీ పాడాల్సింది నటుడు కాదు, ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న కుర్రాడు.

అసలు వింత ఏమిటంటే, నటన నేర్పే ఈ విద్యకు అమెరికాలోనే, అదీ వలస కుటుంబాల పిల్లల మధ్యే, ఒక దారి పడింది. వయోలా స్పోలిన్ షికాగోలో పుట్టిన వలస కుటుంబపు పిల్ల. అక్కడి వలసవారి సేవాకేంద్రం హల్ హౌస్‌లో నేవా బాయిడ్ అనే బోధకురాలి దగ్గర ఆటలతో బోధించే పద్ధతి నేర్చుకుని, రకరకాల భాషల పిల్లలతో దాన్ని నాటకానికి మలిచింది. ఆ ఆటలతో ఆమె రాసిన పుస్తకం 1963లోనే వచ్చింది. అందులో ఒక ఆట అద్దం: ఇద్దరు ఎదురుబొదురుగా నిలబడాలి, ఒకరి కదలికను రెండోవారు అద్దంలా చూపాలి. ఇంకో ఆటలో అర్థంలేని భాషలో మాట్లాడి సంగతి చెప్పాలి. తెలుగు తడబడే పిల్లకు ఇంతకంటే ఏం కావాలి? ముందు ఎదుటి మనిషిని చూడ్డం, వినడం, అవతలివాడు ఆగితే ఆగడం వస్తాయి. మాట వెనకాలే వస్తుంది.

ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. అది ఒక్కసారి జారిందా, ద్రౌపది నోట భీముడి గర్జన వినిపిస్తుంది. ఆమె కంగారుపడి నోరు మూసేస్తుంది, గర్జన మాత్రం సాగుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం మొత్తంలో నిజమైన నటన ఆ కంగారొక్కటే. ఆఖర్న అందరికీ శాలువాలు, జ్ఞాపికలు. ల్యాప్‌టాప్‌కు మాత్రం ఎవరూ కప్పరు, పాపం.

కార్యవర్గం వారికి ఒక మనవి. వచ్చే ఉగాదికి శాలువాల డబ్బుతో నాలుగు కాలర్ మైకులు అద్దెకు తెప్పించండి. నాటకం పది నిమిషాలే వెయ్యండి. ట్రాక్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇంట్లో మర్చిపోయి రండి.