సూర్యనారాయణమూర్తి గారికి, పనివేళల విషయమై

మహారాజశ్రీ సూర్యనారాయణమూర్తి గారికి (క్యాంపు: అరసవల్లి),

అయ్యా, శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దగ్గర అటవీశాఖ వారి గేటు ఒకటుంది. రాత్రి 9 గంటలకు పడుతుంది, పొద్దున 6 గంటలకు లేస్తుంది. రాత్రిపూట దారిని జంతువులకు వదిలేద్దామన్నది ఉద్దేశం, మంచిదే. చిక్కల్లా తమరితో వచ్చింది. జూన్ మొదట్లో శ్రీశైలం మీద 5.42 ప్రాంతంలో ఉదయిస్తారు, సంక్రాంతి నాటికి 6.45 చేస్తారు. గేటు మాత్రం పన్నెండు నెలలూ ఆరింటికే. అంటే పండక్కి మల్లన్న దర్శనానికి వెళ్లే కార్లు అడవిలో జొరబడే వేళకు ఆకాశంలో ఇంకా చుక్కలుంటాయి. రాత్రి నిషేధం రాత్రి మిగిలుండగానే అయిపోతోంది. గేటును కదిలించడం మానవమాత్రుల వల్ల అయ్యేలా లేదు గనక, జనవరిలో తమరే ఓ ముప్పావుగంట ముందు దయచేయవలసిందని మనవి.

ఆ ముప్పావుగంట అడవిలో ఉత్త సమయం కాదు. దుప్పులు, కణుతులు రాత్రి మేత ముగించి పొదల్లోకి మళ్లేది అప్పుడే. కడుపు నిండని చిరుత ఆఖరి ప్రయత్నం చేసేదీ అప్పుడే. కొండముచ్చులు మాత్రం తమరి వెచ్చదనం తగిలేదాకా తోకలు వేలాడేసుకుని కొమ్మల మీదే కూర్చుంటాయి. వాటికి ఈ గేటుతో పేచీ లేదు. పేచీ కణితికి. దాని కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. లోపలికొచ్చిన కాస్త వెలుతురునూ అది తిప్పికొట్టి, రెండోసారి చూపుకు అందిస్తుంది. చీకటికి కనుపాప పూర్తిగా విచ్చుకున్న ఆ కంట్లో హెడ్‌లైట్లు పడితే, జంతువు పరుగు మరిచి ఉన్నచోటే నిలబడిపోతుంది. మలుపు తిరిగిన డ్రైవరుకు ముందు కనిపించేది రెండు మెరిసే చుక్కలు. ఆ చుక్కల వెనక రెండు వందల కిలోలు తూగే ఒళ్లుందని తెలిసేసరికి బ్రేకుకు వ్యవధి ఉండదు.

స్పీడు తగ్గించి నడిపితే చాలదా అంటారు. తెల్లవారకముందు నుంచే గేటు దగ్గర కాచుకున్న వాళ్లను ఒక్కసారిగా వదిలి, మెల్లగా పొమ్మంటే ఎవరు వింటారు? బందీపూర్ అడవి దారిలోనూ 2009 నుంచి తొమ్మిది–ఆరే కదా అనొచ్చు. జనవరిలో అక్కడా తమరు ఆరున్నర దాటాకే వస్తారు, కాబట్టి అది ఇదే తప్పుకు రెండో ప్రతి. అదే కాన్హాలో సఫారీ జీపులను పొద్దున లోపలికి వదిలే వేళ కాలాన్ని బట్టి మారుస్తారు. జీపుకు కుదిరినది లారీకెందుకు కుదరదు? భక్తులకు ఆలస్యమవుతుందన్న అభ్యంతరంలో మాత్రం బలముంది. గేటు తమరి ఉదయాన్ని బట్టి లేస్తే చలికాలంలో ముప్పావుగంట పోతుంది, వేసవిలో పావుగంటే తిరిగొస్తుంది. లెక్క సమం కాదు, ఒప్పుకుంటాను. ఆంబులెన్సును ఏ వేళలోనూ ఆపమనడం లేదు. తక్కినవాళ్లకు ఒక్క మాట: ఏకాదశి ఏ రోజో తేల్చడానికి పంచాంగం చూసేది సూర్యోదయాన్నే. ఉపవాసానికి పనికొచ్చిన సూర్యోదయం ఆ ఉపవాసంతో గుడికి వెళ్లే కారుకు పనికిరాదా?

తమరికి వేళ మార్చుకోవడం వీలుపడకపోతే, ఆ సంగతి గేటు వారికి రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు

ప్రతి: రథసారథి అనూరుల వారికి, తగు చర్య నిమిత్తం.