పవర్ డబ్బా, సొంత డబ్బా

పోర్టబుల్ పవర్ స్టేషన్ అట్టపెట్టె మీద ఎప్పుడూ ఒకటే బొమ్మ. మంచుకొండ, దాని కింద సరస్సు, ఒడ్డున గుడారం, గుడారం ముందు నవ్వుతూ ఓ జంట, వాళ్ల మధ్య ఈ డబ్బా. ఆ జంటకి చెమట పట్టదు, దోమ కుట్టదు, ఇంట్లో సీరియల్ చూసే పెద్దావిడ ఉండదు. పెట్టె మీద అచ్చేసిన బ్యాకప్ గంటలన్నీ వాళ్ల కాపురానికి లెక్కగట్టినవే. కొనేది మాత్రం బెజవాడలో మూడో అంతస్తులో ఉక్కపోస్తున్న మనం.

"ఫ్యాను 12 గంటలు" అని రాసి ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోతుంది. ఇంట్లో ఉన్న స్టాండు ఫ్యాను తగిలించి, ఇక మనకేం ఢోకా లేదని పడుకుంటాం. మూడున్నర అయ్యేసరికి డబ్బా పీక్ పీక్‌మని ప్రాణం వదులుతుంది. తెల్లారి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ట్రబుల్‌షూటింగ్ అనే క్రతువు మొదలవుతుంది. ఆ క్రతువులో దోషి ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది. డబ్బా కాదు, మీరే.

"సార్, లోడు ఎంత పెట్టారు?"

"ఒక ఫ్యాను, ఒక రౌటరు."

"లోడు ఎక్కువైంది సార్."

"500 వాట్లు మోస్తుందని మీరే రాశారు కదమ్మా?"

"మోస్తుంది సార్. గంటసేపు మోస్తుందని రాయలేదు కదా."

ఆ అమ్మాయి అన్నది అక్షరాలా నిజం. 512 వాట్ అవర్ల డబ్బాకి 500 వాట్ల లోడు పెడితే యాభై నిమిషాలకి ఖాళీ. లోపల బ్యాటరీలో ఉన్నది డీసీ. దాన్ని 230 వోల్టుల ఏసీగా మార్చేటప్పుడు నూటికి పదిహేను వంతులు వేడిగా పోతాయని లెక్క వేసుకోవచ్చు. చేతికి వచ్చేది 435 దాకా. ఈ అంకె పెట్టె మీద ఎక్కడా కనపడదు. దానికి బదులు "1,60,000 ఎంఏహెచ్" అని అరచేయంత అక్షరాల్లో ఉంటుంది. లక్షా అరవై వేలు అని చదవగానే ఆరు నెలల దాకా డిస్కంతో పని లేదనిపిస్తుంది. దాన్ని సెల్ వోల్టేజి 3.2తో హెచ్చవేసి వెయ్యితో భాగించండి. అదే 512. మన మీటరు భాషలో అర యూనిట్! మామూలు ఇంటికి అయిదు రూపాయలు కూడా పడని కరెంటు. దాన్ని దాచుకునే డబ్బాకి మాత్రం పదుల వేలు పోశాం.

మరి ఆ 12 గంటలు అబద్ధమా? అబద్ధమైతే కేసు వెయ్యొచ్చు. 35 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టి లెక్కగడితే 12 గంటలు వస్తాయి. మన స్టాండు ఫ్యాను అరవై వాట్లు లాగుతుంది. దానికి ఆరేడు గంటలే. ఏ ఫ్యాను అన్న సంగతి, ఓ చుక్క గుర్తు పెట్టి, పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. "సెల్‌ఫోన్ 40 సార్లు" అన్నదీ ఇలాంటిదే. ఈ రోజుల్లో 5,000 ఎంఏహెచ్ ఫోన్ నిండాలంటే దాదాపు 19 వాట్ అవర్లు కావాలి. దారిలో పోయేది పోగా ఇరవై సార్లు వస్తే గొప్ప. నలభై రావాలంటే ఫోన్ కూడా గుడారం వాళ్లదే అయి ఉండాలి.

క్రతువులో రెండో ఘట్టం ఎకో మోడ్. దీని ముచ్చట కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. ఏసీ బటన్ నొక్కగానే, ఏమీ తగిలించకపోయినా, ఇన్వర్టర్ తన పొట్ట కోసం కొంత తింటూనే ఉంటుంది. చాలా డబ్బాల్లో అది పది పన్నెండు వాట్లు. అంటే నిండా ఛార్జి చేసి, బటన్ ఆన్‌లో మరిచిపోయి ఊరెళ్తే, రెండు రోజులు తిరక్కుండానే ఎవరూ వాడకుండా డబ్బా ఖాళీ. పది వాట్ల రౌటరు పెడితే రౌటరు తినేదెంతో డబ్బా తినేదీ అంతే. "రౌటర్ 40 గంటలు" అన్నది కాస్తా ఒక రోజుకి దిగిపోతుంది. ఈ సంగతి చెప్తే, "ఎకో మోడ్ ఆన్ చేయండి సార్" అంటారు. చేస్తాం. లోడు మరీ తక్కువ ఉంది కాబట్టి ఎవరూ వాడడం లేదనుకుని డబ్బా తనంతట తానే ఏసీ కట్టేస్తుంది. రౌటరు ఆరిపోతుంది. మళ్లీ ఫోన్ చేస్తాం. "ఎకో మోడ్ ఆఫ్ చేయండి సార్." ఈ రెండు సలహాలూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉంటాయని నా అనుమానం. రౌటరుకి కావలసింది మామూలుగా 12 వోల్టుల డీసీ. దాన్ని ఏసీ ప్లగ్గులో కాక డీసీ సాకెట్లో సరైన పిన్ను వైరుతో తగిలిస్తే ఇన్వర్టర్‌తో పనే లేదు. ఆ ఒక్క ముక్కా మాత్రం కస్టమర్ కేర్ నోట రాదు.

మూడో ఘట్టం: "పూర్తిగా దించేసి, మళ్లీ ఫుల్ ఛార్జ్ చేయండి." లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం నుంచి 20 దాకా వోల్టేజి పెద్దగా మారదు. అందుకని స్క్రీన్ మీది శాతం కొంత అంచనా సరుకే. కొన్నాళ్లకి లెక్క తప్పి, 30 ఉన్నది ఒక్కసారిగా సున్నా అవుతుంది. ఒకసారి దించి నింపితే అంకె దారికొస్తుంది. అంకె దారికొచ్చినంత మాత్రాన గంటలు పెరగవు.

ఇవన్నీ అయ్యాక బ్రహ్మాస్త్రం తీస్తారు: "మీ దగ్గర టెంపరేచర్ ఎంత సార్?" మాన్యువల్లో 40 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ఈ మాట చదివినవాడు ఏం చేయాలి? డబ్బాని చల్లబరచడానికి ఏసీ వేయాలి. ఏసీకి కరెంటు కావాలి. కరెంటు ఉంటే డబ్బా ఎందుకు?

తుఫానులో ఆదుకుంటుందనే ప్రకటనల సంగతి సరేసరి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసినప్పుడు చాలా వాడలకి కరెంటు రావడానికి రోజులు పట్టింది. అలాంటప్పుడు అర యూనిట్ ఒక ఫ్యానుకి ఒక రాత్రి. "సోలార్ ప్యానెల్ ఉందిగా" అంటారు. ఎండలోనే 100 వాట్ల ప్యానెల్ అరవై డెబ్బై ఇస్తే సంతోషం. తుఫాను మబ్బు కింద అది బట్టలారేసుకోవడానికి పనికొస్తుంది.

డబ్బాలో నిజంగా జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఫోన్ అక్కర్లేదు. అటక మీద పాత వంద వాట్ల ఫిలమెంటు బల్బు ఉంటే దించండి. డబ్బాని నిండా ఛార్జి చేసి, ఆ బల్బు ఒక్కటే తగిలించి గడియారం చూడండి. 512 వాట్ అవర్ల డబ్బా నాలుగు గంటలు వెలిగిస్తే దానికేమీ కాలేదు, జబ్బంతా అట్టపెట్టెది. రెండు గంటలకే ఆరిపోతే బ్యాటరీ పోయింది, బిల్లూ వారంటీ కార్డూ పట్టుకుని షాపుకెళ్లండి. వాళ్లు ఎకో మోడ్ ఊసెత్తితే వినొద్దు.

సీలింగ్ ఫ్యానుకి 2023 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. ఆ ఫ్యానుకంటే ఎన్నో రెట్లు ఖరీదైన డబ్బా మీద మూడు అంకెలు అచ్చేయమనడం అత్యాశేం కాదు. ఏసీ ప్లగ్గు దగ్గర చేతికొచ్చే వాట్ అవర్లెన్ని, ఉత్తినే ఆన్‌లో ఉంటే తినే వాట్లెన్ని, అరవై వాట్ల ఫ్యాను 40 డిగ్రీల గదిలో ఎన్ని గంటలు తిరుగుతుంది. చోటు లేదంటారేమో. ఆ గుడారం తీసేస్తే బోలెడు చోటు.