బ్రేకుగొట్టం పద్యానికి ‘నిరోధిని’ వ్యాఖ్య

అవతారిక

విస్సన్నపేటలో నూజివీడు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. దాని వెనక గోడ మీద, గ్రీజు మరకల నడుమ, సుద్దముక్కతో రాసిన ఆటవెలది ఒకటి ఉంది. కవి ఆ షెడ్డు మేస్త్రీయేనని ఊళ్లో అంటారు. ఆయన ఔననడు, కాదనడు, పదమూడో నంబరు స్పానరు అందుకోమంటాడు. కావ్యానికి ప్రేరణ మాత్రం స్పష్టమే: అదే షెడ్డులో దిమ్మెల మీద లేపి పెట్టిన అంబాసిడర్ మార్క్ 4. ఒక మామిడితోట ఆసామి తండ్రిగారి బండి అది. తోటలో చెట్టు కిందే ఏళ్లు గడిపింది. ఆకులు రాలి వెనక యాక్సిల్ మీద పడి కుళ్లి, ఆ చెమ్మకు బ్రేకు గొట్టాలు గోరుతో గీస్తే పొరలూడే స్థితికి వచ్చాయి. ఆసామి వచ్చీ రాగానే ఇంజను సంగతి అడిగాడట. కదిలించే సంగతి తర్వాత, ముందు ఆపే సంగతి చూద్దామంటూ మేస్త్రి ఈ పద్యం చెప్పాడట.

వ్యాఖ్యాతలకు తలమానికం మెదకు సీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి. మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఈ వ్యాఖ్యాత మొదటి సగానికి కట్టుబడతాడు, రెండో సగానికి పూచీ లేదు. వ్యాఖ్యకు ‘ఘంటాపథం’ అని పేరు పెట్టి ఉంటే బండికి బాగా నప్పేది. రాజమార్గమని దానికర్థం. కానీ మల్లినాథుడు దాన్ని ముందే భారవి కావ్యానికి వాడేశాడు. కాబట్టి ‘నిరోధిని’.

మూలం

రాగి గొట్టమేల రయ్యన బోవంగ
ఉక్కు గొట్టమొక్క టున్న జాలు
ముందు నట్టు దొడిగి మూతిని విప్పుమా
గాలి యున్న బ్రేకు గంగపాలు

ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదంలో ‘బ్రేకు’ దగ్గర ఒక చిక్కుంది. ముందున్న ‘న్న’ను ఊది పలికితే గురువై గణం చెడుతుంది. బ్రేకు ముందు అక్షరాన్ని తేల్చి పలకాలి. బండి తొలి పరుగులో పెడల్ విషయంలోనూ ఇదే పద్ధతి.

ఇక ద్రవంతో నడిచే ఈ బ్రేకు విద్యకు ద్రష్టలు ఇద్దరు. మూసిన ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ తరగకుండా పాకుతుందని చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు పాస్కల్. అది చెప్పిన గ్రంథం ఆయన పోయాక, 1663లో అచ్చయింది. దాన్ని చక్రాలకు తగిలించినవాడు అమెరికా వాసి మాల్కం లాక్‌హీడ్, 1917లో పేటెంటు అడిగాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులతో వచ్చింది. అంతకుముందు కడ్డీలూ తీగలూ లాగేవారు. ఒక చక్రానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పడి బండి పక్కచూపులు చూసేది.

ప్రతిపదార్థం

రయ్యనన్ = వేగముగా; పోవంగన్ = పోవుచుండగా; రాగి గొట్టము = రాగితో చేసిన గొట్టము; ఏల = ఎందులకు? (తగదనుట); ఉక్కు గొట్టము = ఉక్కుతో చేసిన గొట్టము; ఒక్కటి = ఒకటే; ఉన్నన్ = ఉన్నచో; చాలున్ = సరిపోవును; ముందు = తొలుత; నట్టున్ = మరచీలను; తొడిగి = గొట్టమునకు ఎక్కించి; మూతిని = గొట్టపు కొనను; విప్పుమా = వెడల్పు చేయుమా; గాలి = వాయువు; ఉన్న = లోపల మిగిలియున్న; బ్రేకు = ఆపు యంత్రము; గంగపాలు = వ్యర్థము.

తాత్పర్యం

ఓ ఆసామీ! వేగముగా బోవు బండికి రాగి గొట్టము కూడదు. ఉక్కుది వేయుము. కొన విప్పుటకు ముందే నట్టు తొడుగుము. పిదప లోపలి గాలినంతయు వెడలగొట్టుము, లేనిచో చేసిన పనియంతయు వృథా యగునని మేస్త్రి యభిప్రాయము.

పాఠాంతర విచారం

అసలు యుద్ధమంతా ఇక్కడే ఉంది. సుద్ద చెరిగిన చోట కొందరు ‘గొట్టమేల’ కాదు, ‘గొట్టమేలు’ అని చదువుతారు. రాగి గొట్టం మేలు అన్నమాట. ఇది ఫ్రిజ్ మెకానిక్కుల శాఖ వారి పాఠం. ‘గొట్టము మేలు’లో ఒక ‘ము’ మింగేశారు గనుక వ్యాకరణం ఒప్పదు. లోహశాస్త్రం అసలే ఒప్పదు. అయినా పూర్వపక్షం వినాలి గదా.

పూర్వపక్షం: రాగి తుప్పు పట్టదు. చేత్తో వంచితే వంగుతుంది. ఏసీ బిగించగా మిగిలిన ముక్క మూలనే ఉంది, సగం ధరకు వస్తుంది. ఆ ఏసీలో మాత్రం ఒత్తిడి లేదా?

సిద్ధాంతం: ఉంది, కొన్ని వందల పి.ఎస్.ఐ. అయితే అక్కడి గొట్టం గోడకు బిగించి, కదలకుండా కూర్చుంటుంది. కారు టైరులో గాలి 30 పి.ఎస్.ఐ. ప్రాంతంలో ఉంటే, గట్టిగా తొక్కిన బ్రేకు గొట్టంలో ఒత్తిడి వెయ్యి దాటుతుంది. పైగా కిందనున్న రోడ్డు విస్సన్నపేట నుంచి తిరువూరు దాకా బండిని వణికిస్తూనే ఉంటుంది. శుద్ధమైన రాగి వణుకుతున్న కొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడిన కొద్దీ పెళుసవుతుంది, చివరికి నట్టు మొదట్లో చిట్లుతుంది. కొత్తలో చక్కగా పనిచేయడమే దాని కపటం. ద్రవాన్ని రెండు దారులుగా విడదీసే టాండెమ్ మాస్టర్ సిలిండర్ లేని పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ద్రవం ఒకటే దారి. ఎక్కడ చిట్లినా నాలుగూ పోతాయి, చేతిబ్రేకు ఒక్కటే దిక్కు. కాబట్టి ‘ఏల’ అన్నదే సాధుపాఠం.

శంక: మరి రాగిలో నికెలు కలిపిన గొట్టం సంగతి? వోల్వో వారు 1976 నుంచి అదే వేస్తున్నారు కదా?

సమాధానం: నిజమే. రాగి 90 పాళ్లు, నికెలు 10 పాళ్లు, అందులోనే ఆవగింజంత ఇనుము, మాంగనీసు. ‘కునిఫర్’ అంటారు. తుప్పు పట్టదు, సులువుగా వంగుతుంది, శుద్ధ రాగిలా వణుకుకు చిట్లదు. స్వీడన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకు ఉక్కు గొట్టాలు తినిపోతుంటే వాళ్లకు ఇది తప్పలేదు. కవి నిషేధించింది కేవల రాగిని గనుక ఇది ఆ నిషేధంలోకి రాదు. దొరికితే శుభం. ఒక్కటే ఇబ్బంది, చూపుకు రెండూ రాగి ఛాయలోనే ఉంటాయి. కొట్టువాడు ‘అదే ఇది’ అంటే నమ్మి తెచ్చుకోవడం కాదు, చుట్ట మీద అచ్చు ఉందో లేదో చూడాలి. లేకపోతే వదిలేయాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు పక్షం కూడా ఉంది. మెరుస్తుంది. అయితే మామూలు పనిముట్టుతో దాని మూతి సరిగా విచ్చదు, విచ్చినా సీటులో సరిగా కూర్చోక కారుతుంది. ప్రదర్శనకు పెట్టే బండ్లవారి గొడవ అది, వదిలేద్దాం.

‘ఉక్కు గొట్టము’ అంటే సైకిల్ షాపులో దొరికే ఏ గొట్టమైనా కాదు. ఇక్కడ శబ్దప్రమాణం ఎస్.ఏ.ఈ. వారి జె527 ప్రమాణపత్రం. దాని ప్రకారం ఇది రెండు పొరల గొట్టం. బండీ అనే ఆయన పేరుమీద బండీ గొట్టమని వాడుక. మన బండికీ దీనికీ చుట్టరికం లేదు, పేరు కలిసిందంతే. సన్నటి ఉక్కు రేకును ఆత్రేయపురం పూతరేకు చుట్టినట్టు రెండు పూర్తి చుట్లు చుడతారు. ఆ రేకుకు ముందే రాగి పూత వేసి ఉంచుతారు. కొలిమిలో పెట్టగానే రాగి కరిగి మడతల సందుల్లోకి పాకి అతుక్కుంటుంది. అంటే రాగి ఏల అన్న కవిగారు కొనిపించిన ఉక్కు గొట్టంలోనూ మడత మడతకూ రాగే ఉంది! రాగి మీద కవికి పగ లేదు. గొట్టమై ముందు నిలబడితే వద్దన్నాడు, పొరల మధ్య జిగురై ఉంటే రానిచ్చాడు. వ్యాఖ్యాతకు ఈ పద్యంలో ప్రాణం ఇక్కడే కనబడింది. అలంకారశాస్త్రం దీన్ని ధ్వని అంటుందేమో, మేస్త్రి ‘పని’ అంటాడు.

కొలత 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్లు. మందం 0.7. పైన తుప్పు పట్టకుండా పూత ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో చుట్టగా దొరుకుతుంది. ఈ మెట్ట నేలలో ఉప్పుగాలి లేదు, ఉప్పు చల్లే రోడ్లు అసలే లేవు. ఆకులు దులిపి, బురద కడిగే శ్రద్ధ ఉంటే మామూలు ఉక్కు గొట్టమే చాలా ఏళ్లు నిలుస్తుంది. కవి ‘చాలు’ అన్నది ఇందుకే. బందరు సముద్రం పక్కన ఉండి రాస్తే ఆ మాట వాడేవాడు కాదేమో.

‘ఒక్కటి’ అనే పదం మీద పామరులకు భ్రాంతి ఉంది. బండి మొత్తానికి ఒకే గొట్టమని కాదు. ఒక కీలు నుంచి మరో కీలు దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉండాలని. చాలకపోతే నడుమ నీళ్లపైపుకు వేసినట్టు కంప్రెషన్ జాయింటు వేసి కలుపుదామనుకునేవాళ్లను కవి ఈ పదంతో పట్టుకున్నాడు.

మూడో పాదం విశేషాలు

లోకంలో గొట్టాల పని నేర్చిన వారిని రెండు తెగలుగా విభజించవచ్చు: నట్టు ముందు తొడిగినవారు, మూతి విప్పాక నట్టు బల్ల మీద చూసినవారు. విప్పిన మూతి మీదుగా నట్టు ఎక్కదు. కొన మళ్లీ కోయాలి, గొట్టం పొట్టిదవుతుంది, ఇంకోసారి మరిస్తే యాక్సిల్ దాకా అందదు. రెండో కొన దగ్గర మరీ జాగ్రత్త, అక్కడ రెండో నట్టు కూడా ముఖం సరైన వైపు తిప్పుకుని ఉండాలి. కవి ‘ముందు’ అనే మాటతో పాదం ఎత్తుకోవడం ఔచిత్యం.

గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కోయకూడదు, వంకర తెగుతుంది, రజను లోపలికి పోతుంది. ట్యూబ్ కట్టరు కావాలి. కోశాక లోపలి అంచు, బయటి అంచు గీకి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. తర్వాత ఫ్లేరింగ్ పనిముట్టు. ఒక్కసారి విప్పితే చాలదు, డబుల్ ఫ్లేర్ కావాలి. మొదట బొడిపెలాంటి బిళ్లతో నొక్కితే కొన ఉబ్బుతుంది, తర్వాత శంకువుతో నొక్కితే ఆ ఉబ్బు లోపలికి మడుచుకుని 45 డిగ్రీల వాలుతో రెండు మందాల పెదవి ఏర్పడుతుంది. ఒంటి మందమైతే ఉక్కు అంచు చీలుతుంది. కొన్ని బండ్లలో మాత్రం ఉబ్బు దగ్గరే ఆపాలి, దాన్ని బబుల్ ఫ్లేర్ అంటారు. ఒకదాని సీటులో రెండోది కూర్చోదు, కూర్చున్నట్టు నటిస్తుంది. అందుకే పాత గొట్టం పారేయకుండా పక్కన పెట్టుకుని దాని మూతి చూసి దీని మూతి చేయాలి. వంపులకూ అదే నమూనా.

నట్టు మరల విషయమూ అంతే. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతి. ఉత్తరపార కర్మాగారం 2014 మే నెలలో ఆగిపోయేదాకా ఆ వంశలక్షణాలు పూర్తిగా పోలేదు. దాని మరలు అంగుళాల లెక్క. మారుతి కాలం నుంచి వచ్చినవి మిల్లీమీటర్ల లెక్క, పది మిల్లీమీటర్ల నట్టు. చూడ్డానికి రెండూ ఒకటే. రెండు చుట్లు బాగానే తిరుగుతుంది, మూడో చుట్టులో సిలిండరు మరే చెడుతుంది. వేలితో తిరగని నట్టును స్పానరుతో తిప్పడం అకావ్యం.

వంచేటప్పుడు నొక్కు పడకూడదు. సైలెన్సరు పైపుకు దూరంగా, స్ప్రింగు కదిలే చోటుకు దూరంగా, కంపెనీ వారు వేసిన దారినే పోవాలి. అడుగు, అడుగున్నరకు ఒక క్లిప్పు. రేకులో దూరే చోట రబ్బరు గ్రామెట్. వెనక యాక్సిల్ పైకీ కిందికీ ఆడుతుంది, ముందు చక్రాలు తిరుగుతాయి, కాబట్టి ఆ మూడుచోట్లా ఉక్కు ఆగిపోయి రబ్బరు హోసు మొదలవుతుంది. ఇన్ని కొత్త గొట్టాలు వేసి పాత హోసులు ఉంచేవారి గురించి కవి ఏమీ అనలేదు. పెద్దమనిషి.

నాలుగో పాదం విశేషాలు

ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో బుడగ ఉంటే కాలి బలమంతా దాన్ని నలపడానికే పోతుంది, పెడల్ మెత్తగా దిగిపోతుంది, చక్రం తన దారిన తాను పోతుంది. ‘గంగపాలు’లో అతిశయోక్తి లేదు.

గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు సీటులో, ఒకరు చక్రం దగ్గర. మాస్టర్ సిలిండర్‌కు దూరమైన వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. “తొక్కండి బాబుగారూ... మళ్లీ... పట్టండి... వదలమాకండి!” బ్లీడర్ నిపిల్ బిగించకముందే ఆసామి కాలు తీస్తే వెళ్లిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది, మేస్త్రి నోట కావ్యేతర భాష వస్తుంది. పైన డబ్బాలో ద్రవం అడుగంటకుండా ఎవరైనా చూస్తుండాలి. ఇంటర్ చదివే కుర్రాడు చాలు, వాడి ఫోను తీసుకుంటే.

ద్రవం డాట్ 3 అయితే తాజాగా 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గాలిలోని చెమ్మను పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. సగం వాడి మూత వదులుగా పెట్టిన డబ్బాను నమ్మరాదు. ఇంజనాయిలు చుక్క తగిలినా లోపలి రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. బ్రేకు ద్రవం పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది. కొత్త రంగు వేయించి ఆ తర్వాత బ్రేకుల పనికి వచ్చే ఆసాములకు కవి వేరే పద్యం రాయాల్సిందే.

శంక: బ్రేకు ఆపడానికి కదా, కవి ‘బోవంగ’ అని పోవడం గురించి ఎత్తుకున్నాడేమి? సమాధానం: మే నెలలో నూజివీడు దారి చూడనివారి ప్రశ్న ఇది. మామిడి ట్రాలీలు ఊగుతూ పోతుంటాయి. ముందున్న కారు చిన్నరసాల బుట్ట కనబడగానే ఉన్నచోటే ఆగుతుంది, ఇండికేటరు ఉండదు. దిగినవాడు రసాలు పిసికి చూస్తుంటాడు, వెనకవాడు గొట్టాల నాణ్యత చూసుకుంటాడు.

ప్రయోగవిధి: గాలి పోయాక పెడల్ గట్టిగా తొక్కి నిమిషం పాటు పట్టి ఉంచాలి. కాలు కిందికి జారకూడదు. ప్రతి నట్టు కింద పొడి కాగితం తుడిచి చూడాలి, తడి తగిలితే మళ్లీ మొదటికి. బండి దింపాక తొలి పరుగు తోట లోపలి దారిలోనే, మొదటి గేరులో, చేతిబ్రేకు మీద చెయ్యి ఉంచి. అదీ కోతలు లేని రోజున. చిక్కం పట్టుకుని చెట్టు మీదికి చూస్తున్న మనిషి హారను వినిపించుకోడు.