కోటి రూపాయల బండి, బంక సీసా

లగ్జరీ బతుకెట్లుంటుందో చూడాలంటే జూబ్లీహిల్స్ దాకా పోనక్కర్లేదు, సీతారామపురం రండి. వెలిగొండల కింద, వాన కోసం పైకి చూసీ చూసీ మెడలు పట్టేసిన మండలం మాది. ఇక్కడ రెండు జర్మనీ క్రాసోవర్లు తిరుగుతుంటాయి. పాతది నాది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొత్తది బెంగళూరులో కాంట్రాక్టులు చేసే మా బావది. రెండూ ఒకే కంపెనీవి. పేరు చెప్పను, ఊరికే ప్రచారమెందుకు?

నా బండిలో ఏసీకి ఓ బొత్తాం, పాటకో బొత్తాం. బావ బండిలో ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే అద్దం. బొత్తాం నొక్కడం లేనోళ్ల పనట. ఏసీ తగ్గించాలంటే తెర మీద వేలు పెట్టాలి, ఇంకో తెర రావాలి, అందులో ఫ్యాను బొమ్మ వెతకాలి. ఈలోగా ఎదురుగా గొర్రెల మంద. కాపరికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అందలేదు, పాపం, రోడ్డు మధ్యలోనే నడుస్తున్నాడు.

ఇదంతా నా కడుపుమంట అంటాడు బావ. అయితే స్వీడన్‌లో 'వీ బిలేగారె' అనే కార్ల పత్రికకూ కడుపుమంటేనా? 2022లో వాళ్లు 2005 నాటి వోల్వో వీ70ని, 11 కొత్త కార్లను విమానాల రన్‌వే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంతో తోలించి, రేడియో స్టేషన్ మార్చడం లాంటి నాలుగు పనులు చేయించారు. పాత వోల్వోలో 10 సెకన్లు పట్టింది, బండి 306 మీటర్లు పోయింది. బీఎండబ్ల్యూ ఐఎక్స్ అనే సరికొత్త విలాస క్రాసోవర్‌లో 30 సెకన్లు, 928 మీటర్లు. అంటే రేడియో పాట లాంటివాటి కోసం దాదాపు కిలోమీటరు దూరం కళ్లు మూసుకున్నట్టే. ఇప్పుడేమో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్ లాంటివాటికి బొత్తాలో మీటలో ఉండాల్సిందే, లేకుంటే అయిదు నక్షత్రాలు దక్కవంటోంది. బొత్తాలు పీకడానికయిన ఖర్చూ బావదే, మళ్లీ బిగించే ఖర్చూ బావదే.

బావ బండిలో సీటు వేడి చేసే సౌకర్యం కూడా ఉంది. బీఎండబ్ల్యూ 2022లో దక్షిణ కొరియా లాంటి చోట్ల దీనికి నెల చందా పెట్టి, జనం తిట్టిపోస్తే మరుసటేడు మానుకుంది. మే నెలలో ఉదయగిరి ఎండ ఆ సేవ మాకు ఉచితంగానే చేస్తోంది. డ్యాష్‌బోర్డు మీద 'అసలైన చెక్క' అని బావ తడిమి తడిమి చూపిస్తాడు. ఉదయగిరిలో చేత్తో చెక్కిన గరిటె దగ్గర పది రూపాయలకు బేరమాడింది కూడా ఈయనే.

కొత్తది మెత్తగా పోతుంది, చప్పుడు లేదు. ఒప్పుకుంటా. కానీ డిక్కీ పలక ఎత్తండి. స్టెప్నీ ఉండాల్సిన గుంటలో చిన్న గాలి పంపు, సీసాడు బంక. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి చెప్పే సెన్సార్, రిపేరు కిట్ ఉంటే చాలు, స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రమే నిబంధన సడలించింది. మేకు దిగితే బంక ఆపుతుంది, టైరు పక్కగోడ చీలితే చేతులెత్తేస్తుంది. చక్రం సైజు పెంచిన కొద్దీ ఆ పక్కగోడ పొట్టిదైపోతుంది, గుంటలో పడితే రాయికీ ఇనుముకూ మధ్య నలిగేది అదే. ఘటిక సిద్ధేశ్వరం దారిలో బావకు జరిగింది అదే.

సెన్సార్ మాత్రం భేషుగ్గా పనిచేసింది. గాలి పోయిందని ఎర్రక్షరాల్లో, శుద్ధమైన ఇంగ్లీషులో చెప్పింది. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, "లొకేషన్ షేర్ చేయండి సార్" అందో అమ్మాయి. మాట వరకే సిగ్నల్, నెట్ లేదు. నా స్టెప్నీ ఇద్దామంటే అది బావ బండికి పట్టదు. ఆ సైజు టైరు చెన్నై నుంచి రావాలట. చివరికి ట్రాక్టరే దిక్కయింది.

2025 సెప్టెంబరు 22న పెద్ద ఎస్‌యూవీల మీద సెస్‌తో కలిపి 50 శాతమున్న పన్ను 40కి దిగింది, ట్రాక్టరు మీద 12 శాతం 5కి దిగింది. కోటి రూపాయల బండి మీద ఆ తగ్గింపు సొమ్ముకే ఓ చిన్న ట్రాక్టరొస్తుంది. బావకు ఈ లెక్క చెప్పాను. ఆయనకు నవ్వు రాలేదు, ట్రాక్టరు డ్రైవరుకు వచ్చింది.

అయినా కొనాలనే ఉందా? కొనండి. షోరూంలో దండ వేసి, మిఠాయి నోట్లో పెట్టి, ఫొటో తీసే ముందు డిక్కీ తెరిపించి స్టెప్నీ చూపించమనండి. ఆ టైరు మీ జిల్లాలో ఎక్కడ దొరుకుతుందో కాగితం మీద రాసిమ్మనండి. జవాబు రాకపోతే ఆ దండ వాళ్ల మెడలోనే వేసి బయటికి రండి.