తొందరగా లేవడమే నేరమైంది!

కరెంటు పోయి వస్తే చాలు, చిన్నాచితకా ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో ఒక తంతు మొదలవుతుంది. కంప్యూటర్లన్నీ లేస్తాయి, వైఫై గుర్తు నిండుగా కనబడుతుంది, పేజీ మాత్రం ఒక్కటీ తెరుచుకోదు. ‘నెట్ పోయింది’ అని తీర్పు వెలువడుతుంది. నెట్ ఇచ్చే కంపెనీకి శాపనార్థాలు అందుతాయి. ఇంతలో సిస్టమ్ అడ్మిన్ వస్తాడు, సర్వర్ ముందు కూర్చుని ఒక్క కమాండ్ కొడతాడు, అందరికీ నెట్ వచ్చేస్తుంది. ‘ఏమైంది సార్?’ అని అడిగితే ‘ఏం లేదండీ, డీహెచ్‌సీపీ స్టార్ట్ కాలేదు, రీస్టార్ట్ చేశా’ అంటాడు. మళ్లీ కరెంటు పోయినప్పుడు మళ్లీ అదే కమాండ్, మళ్లీ అవే మెచ్చుకోళ్లు. బూట్‌లో లేవని సర్వర్ చేత్తో లేపితే లేచిందంటే, దాని జబ్బేమిటో ఆ రీస్టార్టే చెప్పేసింది. మనవాళ్లు ఆ సాక్ష్యాన్ని మందుగా మింగేసి ఇంటికెళ్లిపోతున్నారు.

ఈ డీహెచ్‌సీపీ పని చెప్పుకోవడానికి చిన్నదే. 1993లో తొలిసారి ప్రమాణంగా రాశారు, 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2131గా స్థిరపరిచారు. కొత్తగా లేచిన కంప్యూటర్ ‘ఎవరైనా ఉన్నారా, నాకో చిరునామా ఇవ్వండి’ అని నెట్‌వర్క్ అంతటా కేకేస్తుంది. 67వ పోర్టు దగ్గర కాచుకున్న సర్వర్ ‘ఇది తీసుకో’ అంటుంది. ‘సరే, అదే ఇవ్వు’ అని కంప్యూటర్, ‘ఇచ్చాను, ఇంతసేపు వాడుకో’ అని సర్వర్. నాలుగు మాటల బేరం. సర్వర్ పలకకపోతే విండోస్ కంప్యూటర్ 169.254తో మొదలయ్యే చిరునామా ఒకటి తనకు తానే తగిలించుకుని కూర్చుంటుంది. దాంతో గది దాటలేదు. ఇందులో తమాషా ఏమిటంటే, ఊరందరికీ చిరునామాలు పంచే ఈ సర్వర్ నిలబడాలంటే ముందు దానికే ఒక చిరునామా ఉండాలి. అది లేకుండా పంపకానికి బయల్దేరితే తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టే.

లినక్స్ సర్వర్లలో ఏళ్ల తరబడి ఈ పని చేసినది ఐఎస్‌సీ అనే సంస్థ వారి డీహెచ్‌సీపీడీ. అది చనిపోయే ముందు లాగ్‌లో మరణ వాంగ్మూలం ఇచ్చే పోతుంది. ఫలానా నెట్‌వర్క్ కార్డుకు సబ్‌నెట్ ప్రకటన, అంటే ఏ చిరునామాలు పంచాలో చెప్పే ముక్క, లేదంటుంది. కావాలంటే కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒకటి రాయండని సలహా ఇస్తుంది. ఏ కార్డు మీదా వినడానికి ఏర్పాటు లేదని చెప్పి కన్నుమూస్తుంది. మన అడ్మిన్ ఆ సలహాను వేదవాక్కుగా తీసుకుని ఫైలు తెరుస్తాడు. సబ్‌నెట్ ప్రకటన అక్కడే శుభ్రంగా ఉంటుంది. అయినా దాన్నొకసారి చెరిపి మళ్లీ రాస్తాడు, ఒక సెమికోలన్ తీసి పెడతాడు, రీస్టార్ట్ చేస్తాడు. పనిచేస్తుంది! ఘనత సెమికోలన్‌కు దక్కుతుంది. కానీ ఆ మొదటి వాక్యం చివర కుండలీకరణాల్లో మూడు ముక్కలు ఎవరూ చదవకుండా మిగిలిపోతాయి: ‘నో ఐపీవీ4 అడ్రెసెస్’. అంటే ఆ క్షణాన ఆ కార్డుకు చిరునామాయే లేదు. ఉన్న ప్రకటనను ఏ చిరునామాతో జోడించుకోవాలో తెలియక ‘ప్రకటన లేదు’ అంటోంది తప్ప, ఫైల్లో పొరపాటేమీ లేదు.

ఇక్కణ్నుంచి తర్కం తిన్నగా సాగుతుంది. ఫైలు అదే, ప్రోగ్రామ్ అదే, యంత్రం అదే. బూట్‌లో చచ్చింది, అరగంట తర్వాత చేత్తో లేపితే బతికింది. మధ్యలో మారింది కాలమొక్కటే. మరి ఆ కాలంలో ఏం జరిగిందని అడగాలి కదా. కరెంటు వచ్చాక సర్వర్, స్విచ్ రెండూ ఒకేసారి లేస్తాయి. ఎస్‌ఎస్‌డీ పెట్టిన సర్వర్ చకచకా లేచి కూర్చుంటుంది. పెద్ద మేనేజ్డ్ స్విచ్ తీరిగ్గా లేస్తుంది. స్విచ్ లేవనిదే కేబుల్‌లో సిగ్నల్ ఉండదు. బూట్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీలో నెట్‌వర్క్‌ను చూసుకునే భాగం నెట్‌వర్క్‌డీ. దానికి ఒక అలవాటుంది: కేబుల్‌లో సిగ్నల్ కనబడేదాకా, ఫైల్లో స్థిరంగా రాసి ఉన్న చిరునామా కూడా కార్డుకు తగిలించదు. కాబట్టి డీహెచ్‌సీపీడీ వచ్చి చూసేసరికి కార్డు ఉంది, చిరునామా లేదు. ఆ బూట్ తాలూకు జర్నల్ తెరిచి, సర్వర్ చచ్చిన సమయాన్నీ కేబుల్‌కు ప్రాణం వచ్చిన సమయాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. కానీ రెండు నిమిషాలు చదవడం కంటే ఏడాది పొడవునా రీస్టార్ట్ చేయడమే మనకు సుఖం.

ఇక ‘నెట్‌వర్క్ సిద్ధం’ అని సర్వర్‌కు చెప్పిన పెద్దమనిషి సంగతి. సిస్టమ్‌డీలో నెట్‌వర్క్ డాట్ టార్గెట్ అని ఒక మజిలీ ఉంది. చాలామంది తమ సర్వీసును దాని తర్వాత మొదలుపెట్టమని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ మజిలీకి అర్థం నెట్‌వర్క్‌ను చూసుకునే ప్రోగ్రామ్ మొదలైందని మాత్రమే. చిరునామా వచ్చిందని గానీ, కేబుల్ పలికిందని గానీ అది ఎన్నడూ హామీ ఇవ్వలేదు. మన మంచినీటి పథకాల ప్రారంభోత్సవాలూ ఇలాగే ఉంటాయి: రిబ్బన్ కత్తిరించారు, శిలాఫలకం మీద పేర్లు చెక్కారు, ఫొటోలు పడ్డాయి, పైపులు మాత్రం వేయాలి. బిందె పట్టుకుని మొదట వెళ్లినవాడిదే తప్పన్నట్టు, ఇక్కడ ‘తొందరపడి’ లేచిన సర్వర్‌దే తప్పంటున్నాం. సిస్టమ్‌డీ పత్రాలు చెప్పేదేమిటంటే, ఈ మజిలీకి యంత్రం లేచేటప్పుడు పెద్ద అర్థం లేదు, అది ముఖ్యంగా పనికొచ్చేది యంత్రాన్ని ఆపేటప్పుడు. నెట్‌వర్క్ తెగకముందే సర్వీసులు సర్దుకోవడానికన్నమాట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ టార్గెట్ కోసమే పుట్టి ఉండాలి.

‘ఇంత గోలెందుకు, సర్వర్ లేచే ముందు ముప్పై సెకన్లు ఆగమని, స్లీప్ 30 అని ఒక వరుస పెడితే పోలేదా?’ అంటారు అనుభవజ్ఞులు. పోతుంది, కొన్నాళ్లు. ముప్పై అన్న అంకె ఏ పంచాంగంలో దొరికిందని అడిగితే మాత్రం జవాబుండదు. పది పెట్టారు, చాల్లేదు, ఇరవై పెట్టారు, ఒక్కోసారి చాల్లేదు, ముప్పై నిలబడింది. రేపు స్విచ్ మారిస్తే? పాత పద్ధతి స్పానింగ్ ట్రీ నడిపే స్విచ్ అయితే, సిగ్నల్ వచ్చాక కూడా పోర్టు తెరవడానికి మామూలుగా 15 సెకన్ల చొప్పున రెండు విడతలు, అంటే 30 సెకన్లు తీసుకుంటుంది. అప్పుడు అరవై పెడతారా? అంకె చిన్నదైతే సర్వర్ చస్తుంది, పెద్దదైతే ప్రతి బూట్‌లో అందరూ ఊరికే కాచుకోవాలి. జరగాల్సిన పని కోసం ఎదురుచూడటం వేరు, గడియారం కేసి చూస్తూ కూర్చోవడం వేరు. మొదటిదానికి కారణం తెలిసి ఉండాలి. రెండోదానికి ఆశ ఉంటే చాలు.

‘తప్పంతా సిస్టమ్‌డీది, పాతకాలం ఇనిట్‌లో ఇవేవీ లేవు’ అనేవారు ఇంకో వర్గం. సగం నిజమే. అప్పట్లో స్క్రిప్టులు ఒకదాని వెనక ఒకటి నడిచేవి. నెట్‌వర్క్ స్క్రిప్టు పూర్తయితేనే తర్వాతిదానికి వంతు వచ్చేది. 2010లో వచ్చిన సిస్టమ్‌డీ పనులన్నీ పక్కపక్కనే మొదలుపెట్టి బూట్ వేగం పెంచింది. కానీ పాత పద్ధతిలో వరుస సరిగ్గా ఉండటం చాలావరకు నిదానం దయవల్ల దొరికిన లాభమే. ఏది దేని మీద ఆధారపడిందో మనం రాయకపోయినా నడిచిపోయింది, అంతే. ఇప్పుడు రాయమంటే ఆడలేక మద్దెల ఓడు అంటున్నాం.

మరి సర్వర్ తప్పేమీ లేదా? చిరునామా లేని కార్డు మీద పంపకం చేయనని అనడం దాని తప్పు కాదు. తప్పుడు చిరునామాలు పంచే సర్వర్ కంటే మొండికేసిన సర్వరే మేలు. తప్పల్లా ఒక్కసారి ‘లేదు’ అనిపించుకోగానే శాశ్వతంగా ప్రాణం తీసుకోవడంలో ఉంది. డీహెచ్‌సీపీడీకి వారసుడిగా వచ్చిన కియాలో మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు పెట్టారు. సంతోషం. అయితే ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నది మనం చెప్పకపోతే సున్నా అని పెట్టారు. వరమిచ్చారు, వాడుకోవడం మన ఇష్టం. ‘చస్తే మళ్లీ లేపు’ అని సిస్టమ్‌డీకే చెబితే సరిపోదా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. విరామం ఎంతో చెప్పకపోతే అది సెకనులో పదో వంతు ఆగి మళ్లీ లేపుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు మించితే చాలించుకుంటుంది. స్విచ్ ఇంకా కళ్లు నులుముకుంటుండగానే ఐదు చావులూ అయిపోతాయి. విరామాన్ని ఐదు సెకన్లు చేస్తే ఆ పరిమితి తగలదు, సర్వర్ ఓపిగ్గా అడుగుతూనే ఉంటుంది. ఇది కూడా స్లీప్ లాంటిదే కదా అనడానికి లేదు: స్లీప్ ఒకసారి కళ్లు మూసుకుని దూకుతుంది, ఇది ప్రతిసారీ చూసి దూకుతుంది.

నిజంగా నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగాలంటే నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ ఉంది. దాని తర్వాతే లేవమనడంతో పాటు, అది నాకు కావాలని కూడా విడిగా రాయాలి. వరుస చెప్పినంత మాత్రాన ఎవరూ దాన్ని పిలవరు. దీనివల్ల బూట్ ఆలస్యమవుతుందన్న ఫిర్యాదులో నిజముంది: కేబుల్ పెట్టని కార్డు ఒకటుంటే దాని కోసం రెండు నిమిషాలు కూర్చున్న సర్వర్లు కొల్లలు. ఆ కార్డును లెక్కలోంచి తీసేయమని చెప్పడానికి ఒక వరుస చాలు. ఇంకా తిన్నని దారి, సిగ్నల్ లేకపోయినా చిరునామా తగిలించమని నెట్‌వర్క్‌డీకి చెప్పడం. సర్వర్ చిరునామా ఎలాగూ ఫైల్లో రాసిందే, మారేది కాదు. దాన్ని ఇవ్వడానికి స్విచ్ అనుమతి ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం ఆఫీసుల్లో సమస్యే ఉండదు.

మరమ్మతు నిజమో కాదో తేల్చడానికి పరీక్ష తేలికే. స్విచ్ ఆపండి. సర్వర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ వేయండి. అది లేచాక, తీరిగ్గా టీ తాగి వచ్చి, స్విచ్ వేయండి. ఎవరూ కీబోర్డు ముట్టకుండా కంప్యూటర్లకు చిరునామాలు అందితే పని అయినట్టు. సర్వర్ ఒక్కదాన్నే రీబూట్ చేసి ‘చూశారా, అందరికీ నెట్ వస్తోంది’ అంటే నమ్మకండి. పాత చిరునామాల గడువు తీరేదాకా, సర్వర్ చచ్చి ఉన్నా కంప్యూటర్లు బాగానే నడుస్తాయి. ఈ పరీక్ష పెడదామంటే ‘ఇప్పుడెందుకు సార్, బాగానే ఉందిగా’ అనే అడ్మిన్‌కు జీతం ఇవ్వొచ్చు, రీస్టార్ట్ చేసినందుకు. సమస్య తీర్చినందుకు ఇవ్వాల్సిన మెప్పు మాత్రం పరీక్ష అయ్యేదాకా అట్టేపెట్టండి.