సముద్రానికి సాకు కావాలి

ఐనవిల్లి నుంచి సముద్రం ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లలో చెప్పేవాడు పొరుగూరివాడై ఉంటాడు. అమలాపురం పన్నెండు కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఓడలరేవు ఇరవై పైచిలుకు. అది పటం లెక్క. ఊరి లెక్కలో ఓడలరేవు కంటే తిరుపతి దగ్గర, కాశీ ఇంకా దగ్గర. ఆ రెండు చోట్లకీ వెళ్ళొచ్చినవాళ్ళు వీధికి నలుగురుంటారు. ఓడలరేవు మాటెత్తితే మాత్రం ‘ఎక్కడికి పోతుందండీ, ఎప్పుడైనా వెళ్ళొచ్చు’ అంటారు. ఎప్పుడైనా వెళ్ళొచ్చు అన్న చోటికి ఎవరూ ఎప్పుడూ వెళ్ళరు. చుట్టూ గోదావరి పాయలు, కింద బంగాళాఖాతం ఉన్న కోనసీమలో పుట్టి, రెండు రోజులు సముద్రపొడ్డున గడిపి రావడానికి వేసుకున్న ప్రణాళికలు ముమ్మిడివరం గేటు దాటకపోవడానికి కారణం బద్ధకమని కొందరంటారు, ఖర్చని కొందరంటారు. బద్ధకస్తులూ, చేతిలో పైస ఆడనివాళ్ళూ కూడా ఏటా అంతర్వేది తీర్థానికి వెళ్ళొస్తున్నారు కాబట్టి ఆ రెండు కారణాలూ నిలవవు. నా వాదన ఇది: సముద్రం చూడ్డానికని బయల్దేరినవాడు సముద్రాన్ని చేరడు, వేరే పనిమీద బయల్దేరినవాడే చేరతాడు. సముద్రానికి సాకు కావాలి. ఆ సాకుకి ఇంట్లోవాళ్ళెవరూ మార్చడానికి వీల్లేని తేదీ కావాలి.

తేదీని ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకుంటే ఏమవుతుందో చూడండి. చైత్ర వైశాఖాల్లో పెళ్ళిళ్ళు, పైన ఎండలు. ఆ ఇసక మీద చెప్పుల్లేకుండా నడవడం మొక్కున్నవాళ్ళకే సాధ్యం. జ్యేష్ఠంలో బళ్ళు తెరుస్తారు, ఫీజులు కట్టినవాడికి ఆ నెలంతా సముద్రమంటే కన్నీళ్ళే. ఆషాఢ శ్రావణాల్లో గోదావరికి వరద. 2022 జూలైలో లంకలవాళ్ళు ఇళ్ళు వదిలి పడవలెక్కిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఊళ్ళో సగం మంది నీళ్ళలో ఉండగా మిగతా సగం నీళ్ళు చూడ్డానికి వెళ్తామంటే బాగుండదు. పైగా ఎర్రనీళ్ళకి ఎదురెక్కి పులస వచ్చే కాలం అది, చేతిలో ఉన్న సొమ్మంతా చేప తినేస్తుంది. భాద్రపదంలో వినాయక చవితి నవరాత్రులు, విఘ్నేశ్వరుడి గుడి ఉన్న ఐనవిల్లివాణ్ణి ఊరు కదలమని అడగనే కూడదు. దీపావళికి ముందూ వెనకా తుపాన్ల రోజులు. ఇక్కడ నవ్వులాట లేదు. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్ళు ఆ నెలలో సముద్రం పేరెత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తారు, వాళ్ళ మాట వినడమే మంచిది. మార్గశిరంలో కోతలు, నూర్పులు. పుష్యంలో సంక్రాంతి: ప్రపంచంలోని కోనసీమ వాళ్ళంతా తిరిగొచ్చి కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తేలుతుంటే, ఇంటినిండా చుట్టాల్ని పెట్టుకుని మనం ఊరు విడవడం కుదరదు. ఫాల్గుణంలో పరీక్షలు. పరీక్షల ముందు స్వామి పాదాల దగ్గర పూజ చేసిన పెన్నులు పిల్లలకి పంచే ఊరు మాది. ఆ పెన్ను పట్టుకున్న కుర్రాణ్ణి కెరటాల్లో ఆడుకోవడానికి తీసుకుపోతే, ఫలితాలొచ్చాక వాళ్ళమ్మ పెన్నుని తప్పుపట్టదు. ఇలా కొట్టేసుకుంటూ పోతే పన్నెండు నెలల్లో మిగిలేది మాఘమొక్కటే.

విచిత్రమేమిటంటే ఈ కొట్టివేతల పని పంచాంగం మనకంటే చాలా ముందే చేసిపెట్టింది. సప్తసాగర యాత్ర అని ఒకటుంది. పుష్య బహుళ అమావాస్యనాడు, అంటే చొల్లంగి అమావాస్యనాడు, కాకినాడ పక్కనున్న చొల్లంగిలో మొదటి మునక. అక్కణ్ణుంచి గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునుగుతూ, తీరం వెంబడే వచ్చి, మాఘ శుద్ధ ఏకాదశికి, అంటే భీష్మ ఏకాదశికి, అంతర్వేదిలో ఆఖరి మునక. పదకొండు రోజుల్లో ఏడు తీరాలు! చలి తగ్గుతూ ఎండ ముదరకముందు, వరదా తుపానూ లేని పక్షం చూసి పెట్టిన ఈ కార్యక్రమాన్ని ఇవాళ ఏ టూరు కంపెనీ అయినా రంగుల కాగితం మీద అచ్చేసి డబ్బు చేసుకోవచ్చు. మన పెద్దలు మాత్రం దాన్ని విహారమని ఛస్తే అనలేదు. ఒక్కో పాయకి ఒక్కో ఋషి పేరు పెట్టి, ఒక్కో మునకకి ఇంత పుణ్యమని చెప్పారు. దాంతో ‘ఎందుకెళ్ళాలి’ అనే ప్రశ్నకి ఇంట్లో తావు లేకుండా పోయింది, ‘వచ్చే నెల వెళ్దాం’ అనే మాటకి అసలే లేకుండా పోయింది. తడిబట్టలు, అన్నంలో ఇసక, కెరటం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు... విహారంలో ఉండవలసినవన్నీ ఆ యాత్రలోనూ ఉండే ఉంటాయి. జమ మాత్రం పుణ్యం ఖాతాలో పడింది.

దొరల్ని చూసి నేర్చుకోండి, వాళ్ళు హాయిగా సముద్రపొడ్డుకి పోయి కుర్చీలేసుకుని కూర్చుంటారు, వాళ్ళకేం సాకు కావాలి అని ఎవరైనా అనొచ్చు. వాళ్ళూ ఊరికే వెళ్ళలేదు. పద్దెనిమిదో శతాబ్దం నడుమ రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు ఉప్పునీళ్ళలో మునగడం, ఆ నీళ్ళే తాగడం కూడా వంటికి మంచిదని పుస్తకం రాశాకే ఇంగ్లండులో కలిగినవాళ్ళు బ్రైటన్ దారి పట్టారు. మనం పుణ్యం కోసం నోట్లోకి పోనిచ్చిన నీళ్ళని వాళ్ళు మందని గుటకలు వేశారు. 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కి రైలు పడ్డాక మామూలు జనానికీ దారి దొరికింది. అప్పటికీ తేదీ లేదు. 1871లో జాన్ లుబ్బాక్ అనే బ్యాంకరు పార్లమెంటులో బ్యాంకు సెలవుల చట్టం తెచ్చి ఏడాదిలో ఫలానా రోజులు సెలవని ఖాయం చేస్తే, ఆగస్టు మొదటి సోమవారం వచ్చేసరికి లండన్‌లో సగం ఇసకలో ఉండేది. ఆ పెద్దమనిషే చీమల మీద కూడా పుస్తకం రాశాడు, బారులు తీరడం గురించి ఆయనకి బాగానే తెలిసుంటుంది. చీటికీ మాటికీ వాన పడే దేశంలో, సముద్రం చూసే ఆశతో గొడుగులేసుకుని కూర్చునేవాళ్ళ పట్టుదలకి దణ్ణం పెట్టాల్సిందే. సౌతెండ్‌లో పాటు వచ్చి సముద్రం వెనక్కి పోతుంటే దాని వెంటపడి రెండు కిలోమీటర్లకి పైగా వంతెనలాంటిది కట్టుకున్నారు. మనవాళ్ళయితే ‘పోటుకి అదే వస్తుంది, కూర్చోండి’ అనుండేవారు.

తేదీకున్న బలానికి మన దగ్గరే ఇంకా మంచి సాక్ష్యముంది. 2020 సెప్టెంబరులో అంతర్వేది స్వామి రథం కాలిపోయింది. భీష్మ ఏకాదశి తేదీని ఏ అధికారీ వాయిదా వెయ్యలేడు కనుక, 2021 ఫిబ్రవరిలో తీర్థం వచ్చేసరికి కొత్త రథం నిలబడింది. సర్కారు పని అయిదారు నెలల్లో! అదే కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం సంగతి చూడండి. 2000–01 బడ్జెట్‌లో మంజూరైంది, పాయల్లో స్తంభాలు లేచాయి, పాతికేళ్ళు దాటినా కోనసీమలో కూత వినపడలేదు. రైలుకి ముహూర్తం పెట్టినవాళ్ళు పంచాంగం చూడకపోవడమే అసలు లోపమని నా అనుమానం.

తేదీ తర్వాత మనుషుల జాబితా. ఈ విషయంలో మా ఊరికి పౌరాణికమైన అనుభవముంది. ద్రాక్షారామంలో యజ్ఞం తలపెట్టిన దక్షప్రజాపతి ముందుగా ఐనవిల్లి వచ్చి విఘ్నేశ్వరుణ్ణి కొలిచాడని స్థలపురాణం. కొడుకు ముందా, తల్లి జన్మ ముందా అనే చిక్కుని పండితులు తేల్చుకుంటారు. విఘ్నాలు రాకుండా చూడమని మొక్కుకున్న ఆ పెద్దాయన లోకంలో అందర్నీ పిలిచి అల్లుణ్ణి మానేశాడు. పిలవనిది మొక్కించుకున్న దేవుడి తండ్రినే! మొక్కు సరిగానే మొక్కాడు, జాబితా రాయడం రాలేదు. కారులో ఏడుగురికి చోటుంటే ఎనిమిదోవాడు అల్లుడయ్యే ప్రమాదం ఇవాళ్టికీ ఉంది. ఇక దారి. ఐనవిల్లి నుంచి అంతర్వేదికి అమలాపురం, బోడసకుర్రు వంతెన, పాశర్లపూడి, తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి అని చెప్పుకుంటాం. పైకి అవి ఊళ్ళ పేర్లే, లోపల ఒక్కోటీ ఒక్కో చుట్టరికం. సరదాకి సముద్రానికి వెళ్తున్నామని తెలిస్తే ‘మా గుమ్మం ముందునుంచే పోయారంట, దిగి మంచినీళ్ళు కూడా తాగలేదంట’ అనే మాట పదేళ్ళు బతుకుతుంది. దర్శనానికి వెళ్తున్నామంటే అదే నోటితో ‘వేళైపోతుందేమో, వెళ్ళండి వెళ్ళండి, వచ్చేటప్పుడు ఆగండి’ అంటారు. దేవుడు వేళ తప్పనివ్వడని అందరికీ తెలుసు, సముద్రానికి వేళేమిటని అందరి అభిప్రాయం.

దీనికి కుర్రకారు నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. ఆదివారం బండి తీస్తే గంటకల్లా కొమరగిరిపట్నం తీరంలోనో, సూరసాని యానాంలోనో ఉంటున్నాం, ఏ సాకూ లేదు, ఏ పంచాంగమూ చూడలేదు అంటారు. చూడలేదు నిజమే. బయల్దేరేటప్పుడు ఇంట్లో ఏం చెప్పారో కూడా చెప్పమనండి. స్నేహితుడి అక్క పెళ్ళిచూపులనో, కంబైన్డ్ స్టడీ అనో చెప్పి ఉంటారు. సాకు లేకుండా పోలేదు, అబద్ధంగా మారిందంతే. తీరం చేరాక కూడా కెరటానికి వీపు చూపించి ఫోనుకి మొహం చూపిస్తారు, కాబట్టి వాళ్ళు సముద్రం చూశారని నేను ఒప్పుకోను, సముద్రమే వాళ్ళని చూసింది. రెండో అభ్యంతరం దిండి వైపు నుంచి వస్తుంది: రిసార్టుంది, హౌస్‌బోటుంది, గదులు నిండుతున్నాయి కదా అని. నిండుతున్నాయి, హైదరాబాదు వాళ్ళతో. కొబ్బరి చెట్ల నీడలో పడవ మీద తేలడం వాళ్ళకి విహారం. కోనసీమవాణ్ణి అదే పడవలో కూర్చోబెడితే గట్టు మీది చెట్లకి ఎన్ని గెలలున్నాయో లెక్కపెట్టి, దింపు ఆలస్యమైందని బాధపడి, అంబాజీపేటలో ఈ వారం ధరెంతో పడవవాణ్ణి అడుగుతాడు. ఇక డబ్బిచ్చి కొబ్బరిబొండం కొనుక్కు తాగమంటే, అది అతని వంశంలోనే లేదు.

కాస్త ఆలోచించాల్సిన అభ్యంతరం మూడోది. దేవుడి పేరు చెప్పి షికారు వెళ్ళడం దేవుణ్ణి మోసగించడం కాదా అని. నాకలా అనిపించదు. అంతర్వేదిలో గుడినీ సముద్రాన్నీ విడదీసి చూడాలంటే ముందు వశిష్ఠ పాయని వెనక్కి మళ్ళించాలి. నది సముద్రంలో కలిసింది కాబట్టే అది తీర్థమైంది, స్నానం చేశాకే దర్శనం. అన్నాచెల్లెళ్ళ గట్టు మీద నిలబడి ఇటు నదినీ అటు కడలినీ చూసి ‘అబ్బ!’ అన్నవాడిది భక్తా వేడుకా అని తేల్చడం ఎవరి తరమూ కాదు. ఇక తీర్థానికి వెళ్తే కనపడేది సముద్రం కాదు, తలకాయలే అనేవాళ్ళున్నారు. కల్యాణం జరిగే దశమి రాత్రి, రథం లాగే ఏకాదశినాడు అది నిజమే. సముద్రం కూడా ఆ రెండు రోజులూ జనాన్ని చూసి జంకుతుంది. అందుకు విరుగుడుంది. కల్యాణానికి రాలేకపోయాం కాబట్టి ఇప్పుడొచ్చాం అని రెండు వారాలు పోయాక వెళ్ళడం. సాకు అలాగే ఉంటుంది, జనం ఉండరు.

కాబట్టి ఈసారి కుటుంబం వాట్సాప్ గ్రూపులో ‘బీచ్ ట్రిప్’ అని రాయకండి. రాస్తే నలభై బొటనవేళ్ళు లేస్తాయి, ఒక్క కాలూ కదలదు. ‘అంతర్వేది మొక్కు’ అని రాయండి. పులిహోర ఎవరు చేస్తారో, పెరుగన్నం ఎవరు తెస్తారో పదినిమిషాల్లో తేలిపోతుంది, అల్లుడు కూడా సెలవు పెడతాడు. తెల్లారగట్ల బయల్దేరితే ఎండెక్కక ముందే సంగమానికి చేరొచ్చు. ఒక్క సంగతి మాత్రం సరదాకి అనడం లేదు. నదీ సముద్రమూ కలిసేచోట నీటి లాగుడు పైకి కనపడదు, ఈత వచ్చినవాళ్ళనీ పట్టుకుపోతుంది. నలుగురూ మునిగే చోటే మునగండి, పిల్లల చెయ్యి వదలకండి, పొద్దుగూకకుండా ఒడ్డుకొచ్చెయ్యండి.